ఎడమచేతి గాటు

మొదటి గుక్క నాలుక మీద పడగానే నా నోట్లో ఒక అడవి మొలిచింది. ముందు నిమ్మతొక్క పులుపు, దాని వెనక అప్పుడే చిత్రిక పట్టిన చెక్క వాసన, ఆ వెనక గుగ్గిలం లాంటి సన్నని చేదు, చిట్టచివర చలి. చలి అంటే బీరు చల్లదనం కాదు. మంచు పడ్డ కొండవాలులో చెప్పుల్లేకుండా నిలబడితే అరికాలికి ఎక్కే చలి. ఫ్రిజ్‌లో గడ్డకట్టింది తప్ప నేను జన్మలో మంచు చూసి ఎరగను. అయినా ఎక్కింది. కిటికీ అవతల దోహా ఎండ కార్ల బానెట్ల మీద అప్పడాలు కాల్చుకుంటూ ఉంటే, ఇవతల నేను శాలువా కోసం వెతుక్కున్నాను. నన్నెరిగినవాళ్ళు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. నేను దోమ కుట్టిందంటే వాళ్ళు దోమను కాక, నా మాటల్లో దోమ పాలెంతో చూస్తారు.

ఆ హోటల్లో మొక్కల బాగోగులు మా కంపెనీవి. శుక్రవారం మధ్యాహ్నం లాబీలోని కుండీలు చూసి, డ్యూటీ ముగించి, బారులో ఓ మూల కూర్చున్నాను. బార్‌మన్ బిష్ణు నేపాలీ. కుండీల్లో సిగరెట్లు ఆర్పే అతిథుల పేర్లు నాకు రహస్యంగా చేరవేసే మిత్రుడు. ఎక్కడో చలిదేశంలో చిన్న బట్టీ పెట్టుకుని, ఎవరూ చేయని రకాల బీర్లు చేసేవాళ్ళు కొందరున్నారట. వాళ్ళ సరుకు ఈ వారమే వచ్చిందని ఓ గ్లాసు నా ముందు పెట్టి, నేను గుటక వేసేదాకా ఆగి, అప్పుడు చెప్పాడు. ఇది ఏడాది పొడుగునా పచ్చగా ఉండే సూదాకుల చెట్టు నుంచి, కొమ్మల చివర వచ్చే లేత కొసలు కోసుకొచ్చి, వాటితో కాచిన బీరు అని.

నేను గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

“కొసలు కోసేస్తే మరి ఆ చెట్టు బతుకుతుందా?” అని హిందీలో అడిగాను.

బిష్ణు నా మొహం చూశాడు. బీరులో నురగ గురించీ ఘాటు గురించీ అడిగే జనాన్ని చూసి ఉంటాడు గాని, చెట్టు ఆరోగ్యం కనుక్కునే తాగుబోతును చూసి ఉండడు. ఏదో చెప్పబోయేలోపు అవతలి బల్ల వాళ్ళు పిలిచారు. ఒక్క నిమిషం అని వెళ్ళిపోయాడు. గల్ఫ్‌లో ఒక్క నిమిషం అంటే ఏమిటో తెలిసినవాణ్ణి కనక, నేను గ్లాసు ముట్టకుండా కూర్చున్నాను. ఏ చెట్టుదో, ఆ చెట్టు ఎలా ఉందో తెలుసుకోకుండా రెండో గుక్క వేయకూడదని నాకు నేర్పినాయన పేరు రాజేశం. జగిత్యాల అవతలి పల్లె ఆయనది. మూడు తరాలుగా తాటిచెట్టూ ఈతచెట్టూ గీసి కల్లు దించిన ఇల్లు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసినా మెడ పైకెత్తి చూడాల్సి వచ్చేది.

ఇరవయ్యేళ్ళ కిందటి మాట. నేను పాలకొల్లు నుంచి తోటల పెంపకంలో డిప్లొమా పట్టుకుని దోహాలో దిగి, ఉమ్ ఘువైలినాలో ఆరుగురు సర్దుకునే గదిలో ఏడోవాణ్ణై, సూపర్‌వైజరనే బిళ్ళ మెళ్ళో వేసుకుని తిరుగుతున్న రోజులు. ఆ బిళ్ళను నేను స్నానానికి తప్ప తీసేవాణ్ణి కాదు. ఖర్జూరపు చెట్లెక్కి ఎండుమట్టలు కొట్టడానికీ, గెలలు సర్దడానికీ కంపెనీ ఒక మనిషిని తెప్పించింది. అతన్ని తీసుకురావడానికి విమానాశ్రయానికి నేనే వెళ్ళాను. వచ్చినవాడి సూట్‌కేసు విప్పించి అధికార్లు నలుగురు చుట్టూ నిలబడి ఉన్నారు. అందులో రెండు జతల బట్టలు, మిగతా అంతా తాడు. చెట్టుకీ నడుముకీ కలిపి వేసుకునే మోకు. ఏనుగును కట్టేసి, ఆ ఏనుగుతో ఇంకో ఏనుగును లాగించినా తెగనంత లావు. ఇదేమిటని వాళ్ళు అడుగుతున్నారు. భాష రాని రాజేశం జవాబుగా మోకు తీసి, అక్కడున్న సిమెంటు స్తంభానికి చుట్టి, నాలుగు అంగల్లో పైకప్పు దాకా ఎక్కి, కిందికి చూసి నమస్కారం పెట్టాడు. ముద్ర వేసి పంపించేశారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. స్తంభం ఎత్తు ప్రతి ఏడూ నేను చెప్పేటప్పుడు కొంచెం పెరుగుతూ వస్తోంది. చప్పట్లు మాత్రం నిజం.

దారిలో ఆయన తన సంగతి చెప్పాడు. ఊళ్ళో ఒకసారి తాటిచెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడట. ఏడాది మంచాన ఉన్నాక భార్య లచ్చవ్వ ఇక చెట్టు ముఖం చూడొద్దని ఒట్టు వేయించుకుని, మెడలోది అమ్మి, ‘దుబాయ్’ పంపింది. చెట్లుండని ఎడారి దేశమని నమ్మి పంపింది పాపం. ఏజెంటు కాగితాల మీద గార్డెన్ పని అని రాసి ఉంది. తీరా వచ్చి చూస్తే కంపెనీ అతన్ని ఖర్జూరపు చెట్టెక్కించింది. లచ్చవ్వకు మాత్రం మొక్కలకు నీళ్ళు పోస్తున్నానని చెప్పాడు. ఆమె ఫోను వచ్చినప్పుడల్లా ఆయన నేల మీద ఉండేవాడు కాదు. ఒక చేత్తో మట్ట పట్టుకుని, మోకులో వెనక్కి వాలి, “ఆఁ, గులాబీలకు పోస్తున్న” అనేవాడు. కింద నిలబడ్డ మేము నవ్వాపుకోలేక పక్క వీధికి పోయేవాళ్ళం.

చెట్ల విషయంలో ఆయన ముందు నా డిప్లొమా పేపరు దోసె అయిపోయింది. ఫిబ్రవరి వస్తే మగచెట్టు పూలపొడి తెచ్చి ఆడచెట్టు గెలల్లో కట్టాలి. ఆ నెలంతా రాజేశం పురోహితుడి కన్నా బిజీ. ఒక్కో చెట్టు మీదా పావుగంట ముహూర్తం. ఎక్కబోయే ముందు మాను మీద అరచెయ్యి ఆనించి ఓ క్షణం నిలబడేవాడు. మొక్కుతున్నావా అని అడిగితే, కాదు సారూ, వస్తున్నట్టు చెప్తున్న, చెప్పకుండ ఎవరింటికి పోతం అన్నాడు.

కాని ఆయన అసలు విద్య శుక్రవారం మధ్యాహ్నాలు, కంపెనీ కూలీలుండే క్యాంపులో బయటపడేది. భోజనాలయ్యాక నిర్మల్, జగిత్యాల, సిరిసిల్ల వైపు వాళ్ళంతా నీడన చేరేవాళ్ళు. నేను ఉమ్ ఘువైలినా నుంచి రెండు బస్సులు మారి మరీ వెళ్ళేవాణ్ణి. రాజేశం మధ్యలో గొంతుక్కూర్చుని ఉత్త చేతులతో కల్లు పోసేవాడు. అంటే మాటలతో. ఊళ్ళో తాను గీసిన చెట్లన్నిటికీ పేర్లున్నాయి. బాయికాడి ఈత, సర్కారు తాడు, కుంటి తాడు. తాడంటే వాళ్ళకి తాటిచెట్టు. కుంటి తాడు కల్లు నాలుక కొసన తీపి, అంగిట్లో పులుపు, దిగినాక దగ్గొస్తదని చెబితే చుట్టూ ఉన్న పద్దెనిమిది మంది దగ్గేవాళ్ళు. ఒక తాపీమేస్త్రీ బాయికాడి ఈత వర్ణన మూడోసారి విని లేచి తూలుతూ గదికి వెళ్ళాడు. ఇంకొకాయన వాంతి కూడా చేసుకున్నాడని అంటారు గాని, ఆ రోజు సాంబారు మీద కూడా నాకు అనుమానం ఉంది.

“మా ఊర్ల ఎవ్వడు గూడ ముంత ముట్టంగనే తాగడు సారూ,” అన్నాడొకసారి నాతో. “ముందుగాల ఒక గుక్క నోట్ల వెట్టుకుంటడు. ఏ చెట్టుది, చెట్టు ఎట్లున్నదని అడుగుతడు. మంచిగున్నదంటెనే రెండో గుక్క. చెట్టు ఎండుకపోతుంటె దాని నెత్తురు తాగుడేంది?”

ఈ మాట ఆరోజు నా చెవిలోకి వెళ్ళింది గాని అక్కడే ఆగిపోయింది. నాకు కావలసింది కల్లు గురించిన జ్ఞానం కాదు, కల్లు. చుట్టూ ఇన్ని వందల ఖర్జూరపు చెట్లు, ఈతచెట్టుకి స్వయానా పెద్దమ్మ కూతుళ్ళు. చేతిలో మూడు తరాల గీత విద్య ఉన్న మనిషి. ఒక్క ముంత దించితే తప్పేమిటని నేను శీతాకాలమంతా ఆయన వెంటపడ్డాను. ఆయన ఒకటే జవాబు చెప్పేవాడు. ఈ చెట్లు పండ్లకు వెట్టినయి, కల్లుకు కాదు. మనవి గావు. పైగా ఈ దేశంలో అది తప్పు. ఇంకా బతిమాలితే వినపడనట్టు పైకెక్కి, నా నెత్తిన ఎండుమట్ట ఒకటి జారవిడిచేవాడు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం నా బుద్ధి గడ్డి తింది. ముఐథర్‌లో ఒక పెద్ద ఇంటి తోట మా చేతిలో ఉండేది. ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన ముసలావిడ. ఆ ఇంట్లో పనివాళ్ళంతా ఆవిణ్ణి మామా అని, అంటే అమ్మా అని పిలిచేవారు, నేనూ అంతే. గేటు పక్కన ఒక ఖర్జూరపు చెట్టు ఉంది. పెళ్ళై వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి ఆవిడ తెచ్చుకున్న చెట్టుకి పుట్టిన పిలకను, ఈ ఇల్లు కట్టినప్పుడు తెచ్చి ఇక్కడ నాటుకుంది. పొద్దున్నే దాని ఎదురుగా బెంచీ మీద కూర్చుని చిన్న కప్పులో కాఫీ తాగుతూ మట్టలు లెక్కపెట్టుకునేది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే, ఇల్లంతా నిద్రపోయే వేళ చూసి నిచ్చెన వేశాను. ఆ చెట్టే ఎందుకంటే నా నిచ్చెనకు అందేంత పొట్టిగా ఉన్నది అదొక్కటే.

నాకు తెలిసిన గీత విద్య అంతా చిన్నప్పుడు మా ఊరి కాలవ గట్టు మీద నిలబడి, మెడ పట్టేసేదాకా పైకి చూసి నేర్చుకున్నది. అంటే కింది నుంచి ఎంత కనబడుతుందో అంత. కత్తి ఎక్కడ ఆగాలో కింద నుంచి కనబడదు. నేను ఎడమచేతి వాటం మనిషిని. ఎడమచేత్తో మొక్కల కత్తి పట్టుకుని, మట్టల మొదళ్ళు చెక్కి, మెడ దగ్గర లేతగా తెల్లగా తగిలేదాకా కోశాను. ఎంత తెల్లగా ఉంటే అంత కల్లు అనుకున్నాను. నీళ్ళ బాటిలు ఒకటి తీగతో కట్టి, రెండు గంటలు వ్యానులో చెమటలు కక్కుతూ కాపలా కాశాను. దించి చూస్తే అడుగున రెండు చెంచాల జిగురు నీళ్ళు, అందులో ఈత నేర్చుకుంటున్న మూడు చీమలు. కళ్ళు మూసుకుని తాగాను. కాగిన ప్లాస్టిక్కు, పచ్చిగడ్డి కలిపిన రుచి. అయినా అది కల్లేనని నన్ను నేను ఒప్పించుకుని, మర్యాద కోసం కాస్త తూలుతూ కూడా నడిచాను.

తొమ్మిదో రోజుకి చెట్టు నడినెత్తిన నిటారుగా ఉండే మొవ్వు ఆకు పక్కకి వాలింది. పదో రోజుకి దాని కొస గోధుమరంగు తిరిగింది. మామా మట్టల లెక్క తప్పింది. చెట్టు మెడ మీద కత్తి గాటు ఉందని ఇంటివాళ్ళు ఆఫీసుకి ఫోను చేశారు. ఆఫీసులో ఎవరికీ ఆలోచించే పని పడలేదు. కత్తితో చెట్టెక్కేవాడు మా దగ్గర ఒక్కడే. పైగా ఊళ్ళో కల్లు దించేవాడని కంపెనీ కాగితాల్లోనే ఉంది. నేను నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం. అది చాలక సిగ్గు. రెండు చెంచాల కోసం అని ఎలా చెప్పను?

రాజేశం అదే రోజు ఆ చెట్టెక్కి చూసి వచ్చాడు. అబూ హమూర్‌లో ఉన్న మా నర్సరీ ఆవరణలో చేతులు కడుక్కుంటూ, ఎవరితోనూ కాదన్నట్టు, “గాటు ఎడమ దిక్కు నుంచి దిగింది. ఎడమచేతోడు కోసిండు,” అన్నాడు. అని తువాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ క్షణం నుంచి నేను కుడిచేతి వాటం వాణ్ణయ్యాను. నాలుగు రోజులు. కుడిచేత్తో చెంచా పట్టి సాంబారు చొక్కాకి తినిపించాను. కుడిచేత్తో గడ్డం గీసుకుని, మొహం మీద రక్తపాతంతో డ్యూటీకి వెళ్ళాను. హాజరు పుస్తకంలో నా రాత చూసి, సార్‌కి పక్షవాతమేమో అని ఒక మలయాళీ మిత్రుడు కొబ్బరినూనె ఇచ్చాడు. ఇంత నటించినవాణ్ణి నా చుట్టుపక్కల పదిమంది చూశారు గాని అర్థమైంది ఒక్కడికే.

అయిదో రోజు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. రాజేశాన్ని తొలగించి ఇంటికి పంపేస్తున్నట్టు. సూపర్‌వైజరుగా కింద నేను సంతకం పెట్టాలి. రాజేశం నా బల్లకి ఎదురుగా నిలబడి ఉన్నాడు. మోకు మడతపెట్టి భుజాన వేసుకుని ఉన్నాడు. మొహంలో కోపం లేదు. కోపం ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు. నేను కుడిచేత్తో కలం తీసుకున్నాను.

“ఎడమచేత్తో పెట్టుండ్రి సారూ,” అన్నాడు. “కుడిచేతి సంతకం ఆఫీసోళ్ళు గుర్తు పట్టరు.”

కలం బల్ల మీద పడింది. “ఆరోజే ఎందుకు చెప్పలేదండీ ఎవరికీ?” అన్నాను. ఆయన్ని అండీ అనడం అదే మొదటిసారి.

“నేను చెప్తె మీరు చెప్పినట్టు అయితదా?” అన్నాడు. “చెట్టుకు ప్రాణమున్నది. దాన్ని నేను సూసుకుంట. చెప్పుడు మాత్రం మీ పని. అది నాతోని గాదు.”

అప్పుడు కూడా నాకు సిగ్గు రాలేదు చూడండి. మూలకి తరిమితే పిల్లి గోళ్ళు తీసినట్టు, మీరు మీ ఆవిడకి గులాబీలని చెప్పడం లేదా అని అనేశాను. ఆయన భుజం మీది మోకు ముడి సవరించుకున్నాడు. “నిజమే,” అన్నాడు. “మీరు చెప్పి రాండ్రి. నేను గూడ చెప్త.”

ముఐథర్‌లో మామా బెంచీ మీదే ఉంది. చెట్టుకి ఎదురుగా. కాఫీ కప్పు చల్లారిపోయి పక్కన ఉంది. ఆ ఇంటి డ్రైవరు ఓబులేసుది కడప. నా అరబ్బీ గల్ఫ్‌లో బతకడానికి చాలేది గాని క్షమాపణకి చాలేది కాదు. అందుకని అతన్ని పక్కన నిలబెట్టుకుని ఉన్నదంతా తెలుగులో చెప్పాను. ఓబులేసు మొహం తెల్లబోయింది. “సార్, నీకేమన్నా మతి పోయిందా? ఇది ఇట్లనే చెప్తే నీ డ్యూటీ పోతాది, నిన్ను లోపలికి రానిచ్చినందుకు నాదీ పోతాది,” అని గొణిగి, ఆవిడ వైపు తిరిగి వినయంగా ఏదో చెప్పాడు. అందులో ‘సూసా’ అన్న మాట నాకు వినబడింది. ఖర్జూరపు చెట్ల పనిలో ఉన్నవాడికి అన్నం అన్న మాట తెలియకపోవచ్చు గాని ఆ మాట తెలియకుండా ఉండదు. చెట్టును లోపల్నుంచి తినేసే పురుగు పేరది. ఓబులేసు నేరాన్ని పురుగు మీదకి నెట్టేశాడు. పాపం నా మేలు కోరే.

ఎంత హాయిగా ఉండేదో ఆ పురుగు. దానికి వీసా లేదు, పరువు లేదు, నిలదీస్తే చెప్పుకునే నోరు లేదు. ఒక్క నిమిషం దాని వెనక దాక్కున్నాను కూడా. ఆవిడ చెట్టు వంక చూసి తల ఊపబోతోంది.

“లా సూసా,” అన్నాను. పురుగు కాదు. తర్వాత నాకు తెలిసిన మాటలన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టాను. “అనా. సిక్కీన్. నఖ్లా.” నేను. కత్తి. చెట్టు. అని, కత్తి పట్టిన చెయ్యి ఏదో తెలియాలని, ఎడమచెయ్యి పైకెత్తాను. బళ్ళో తప్పు ఒప్పుకునే పిల్లాడిలా అలాగే నిలబడిపోయాను.

ఆవిడ నా చేతి వంకా, చెట్టు వంకా, మళ్ళీ చేతి వంకా చూసింది. “లేష్?” అంది. ఎందుకు?

పాలకొల్లు కాలవ గట్టూ, శుక్రవారాల మాటల కల్లూ, ఇంటి మీద బెంగా, ఇవన్నీ పట్టే అరబ్బీ మాట ఏదీ నాకు రాదు. ఎండలో పనిచేసేవాళ్ళందరికీ వచ్చిన మాట ఒకటుంది. అదే అన్నాను. “అతషాన్.” దాహం.

ఆవిడ పదడుగుల అవతలున్న నల్లా వంక చూసింది. మళ్ళీ నన్ను చూసింది. ఏ దాహమో ఆవిడకి తెలిసిందనే ఈనాటికీ నా నమ్మకం. డెబ్బై ఏళ్ళు ఖర్జూరపు చెట్లను చూసిన మనిషికి ఆ చోట గాటు ఎందుకు పెడతారో తెలియదా? ఓబులేసుతో నెమ్మదిగా చాలాసేపు మాట్లాడింది. వాడు ఊపిరి పీల్చుకుని నాకు చెప్పాడు. “దాహమైతే తలుపు కొట్టమంటాంది సార్. చెట్టెక్కే ఆయన్నే రోజూ పంపమంటాంది, చెట్టు ఆయన చేతిలోనే ఉండాలంట. నువ్వు మాత్రం ఈ గేటు లోపల మళ్ళా నిచ్చెన ముట్టగూడదంట.” అంతలో లోపల్నుంచి బిందెడు మజ్జిగ వచ్చింది. బిందె కాదు, పెద్ద జగ్గే. కాని కూర్చోబెట్టి ఆఖరి బొట్టు దాకా ఆవిడ కళ్ళముందే తాగించినప్పుడు బిందెకేం తక్కువ కాదు. ఆ తర్వాత ఆ ఇంటికి ఎప్పుడు వెళ్ళినా గేటు దగ్గరే జగ్గు సిద్ధంగా ఉండేది. ఖాళీ అయ్యేదాకా నేను చెట్టు వైపు తిరగడానికి వీల్లేదు. అంత చల్లగా వేసిన శిక్ష నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆఫీసులో కూడా చెప్పాను. మేనేజరు రాజేశం కాగితం చింపి, నా మెళ్ళో బిళ్ళ తీయించి, వేసవి అంతా అబూ హమూర్ నర్సరీలో కుండీలకు మట్టి నింపే పనిలో పెట్టాడు. మే నుంచి సెప్టెంబరు దాకా. నేను నింపిన మట్టితో ఖతార్ వైశాల్యం కొంత పెరిగి ఉంటుంది.

రాజేశం రోజూ పని ముగిశాక ముఐథర్ వెళ్ళేవాడు. కుళ్ళిన భాగం గోరంత గోరంత చెక్కేసి, గంధకం పొడి చల్లి, తడిపిన గోనెపట్టా ఎండ తగలకుండా చుట్టాడు. పక్కకి వాలిన మొవ్వు ఆకును పొరుగు మట్టకి ఆసరాగా, వదులుగా కట్టి, ఆ రెండిటి మీదా ఒకే ఎత్తులో ఎర్రదారం ముడి వేశాడు. ఖర్జూరానికైనా ఈతకైనా నెత్తి ఒక్కటే, మనిషిలాగానే, అది పోతే చెట్టు పోయినట్టేనని చెప్పాడు. పక్క మట్ట పెరగదు, మొవ్వు పెరుగుతుంది. దాని ముడి పక్క ముడి కన్నా పైకి జరిగితే లోపల ప్రాణం ఉన్నట్టు. జరగకపోతే ఇక చెప్పడానికేం లేదు. మొదటి వారం జరగలేదు. రెండో వారం జరగలేదు. నేను ఎవరి కోసమూ అంతగా ఎదురుచూడలేదు. నా పెళ్ళిచూపుల ఫలితం కోసం కూడా.

ఈలోగా ఆయన తన మాట నిలబెట్టుకున్నాడు. ఒక శుక్రవారం క్యాంపులో అందరూ ఉండగానే ఫోను చేసి, గులాబీలు లేవని, ఇన్నాళ్ళూ చెట్లే ఎక్కుతున్నానని లచ్చవ్వకు చెప్పాడు. స్పీకరు పెట్టాడు కనక మేమంతా విన్నాం.

“నాకు ఎర్కే,” అంది ఆమె. “గులాబీలకాడ గంత గాలి ఎట్ల కొడ్తది? రెండేండ్ల సంది ఆ గాలే ఇంటున్న. నీ నోటికెల్లి ఎన్నడొస్తదో అని సూస్తున్న.” తర్వాత, మోకు పాతదైతే కొత్తది పంపిస్తానంది.

ఆయన ఫోను పెట్టేసి లేచి గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ వారం కల్లు పోయలేదు.

జూన్ మొదట్లో నేను నర్సరీలో మోచేతుల దాకా మట్టిలో ఉండగా రాజేశం వచ్చాడు. వచ్చి నా కళ్ళముందు రెండు వేళ్ళు పక్కపక్కన ఆనించి చూపించాడు. రెండు వేళ్ళంత పైకి. దారం జరిగింది. నేను మట్టి చేతులతోనే ఆయన్ని పట్టుకుని ఏడ్చాను. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు, కావాలంటే తగ్గించాను. ఆయన నా వీపు మీద చరిచి, “ఊకో తమ్మీ,” అన్నాడు. అంతవరకు సారూ. ఆ తర్వాత ఎప్పుడూ తమ్మీయే. బిళ్ళ తిరిగి వచ్చాక కూడా.

ఆయన ఇంకా ఎనిమిదేళ్ళు ఉండి, మోకాళ్ళు సహకరించక ఇంటికెళ్ళిపోయాడు. కిందటేడు లచ్చవ్వ ఫోను చేసింది. ఆమె గొంతు నేను వినడం అది రెండోసారి. “మీ అన్న పోయిండు తమ్మీ,” అంది. “మంచం మీదనే పోయిండు. చెట్టు మీద గాదు.” ఆ రెండో మాట దగ్గర ఆమె గొంతు మారింది. ఒక మనిషి బతుకంతా భయపడ్డది జరగకుండా పోతే ఉండే గొంతు అది.

ముఐథర్ చెట్టు ఇప్పటికీ ఉంది. మామా పోయింది, ఓబులేసు వెళ్ళిపోయాడు, చెట్టు మాత్రం ఇంటి మేడ దాటిపోయింది. ఒకప్పుడు మెడ దగ్గర ఉన్న నా గాటు ఇప్పుడు మాను నడుమ ఒక సన్నటి నొక్కులా మిగిలింది. అది ఉన్నచోటే ఉండిపోయింది. తల పైకి వెళ్ళిపోయింది. అటు వెళ్ళినప్పుడు మాను మీద అరచెయ్యి ఆనించి వచ్చినట్టు చెబుతాను. జగ్గు తెచ్చేవాళ్ళు లేరు గనక నీళ్ళ బాటిల్ నేనే తీసుకెళతాను.

బిష్ణు ఒక్క నిమిషం ముగించుకుని వచ్చేసరికి నురగ పూర్తిగా దిగిపోయింది. బావోలేదా, మార్చమంటారా అని అడిగాడు. బాగుంది, నా ప్రశ్నకి జవాబు చెప్పు అన్నాను. అతను సీసా తిప్పి చదివాడు. అందులో ఏమీ లేదు. కాస్త ఆలోచించి, ఆ చెట్టు మా కొండల్లో కూడా ఉంటుంది సాబ్ అన్నాడు. చిన్నప్పుడు మేకలకి ఆ చిగుళ్ళే కోసేవాళ్ళమని, ఒక్కో కొమ్మకీ కొన్ని వదిలేస్తూ కోస్తే ఏడాదికల్లా ఒకటి కోసిన చోట రెండు వస్తాయని చెప్పాడు.

“అన్నీ కోయొచ్చా?”

“పక్కవి కోయొచ్చు,” అని బిష్ణు చెయ్యి ఎత్తి తన నడినెత్తి మీద వేలు పెట్టుకున్నాడు. “ఊపర్ వాలా నహీఁ, సాబ్. పైన, ఇక్కడిది కోస్తే మా అమ్మ వీపు చీరేసేది.”

మంచిగున్నదంటెనే రెండో గుక్క. బీరు వెచ్చబడిపోయింది, అడవి కొంచెం వాడింది. నేను గ్లాసు ఎత్తి తాగాను. ఎడమచేత్తో.